కుడి చేత్తోనే

షిఫ్టు గంట మోగకముందే తాళాలాయన బోర్డు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. గోడకి బిగించిన చెక్క బోర్డు అది. దాని మీద వరసగా మేకులు, మేకుకొక తాళం, తాళానికొక బిళ్ళ, బిళ్ళ మీద మనిషి ఫొటో. ఆ సబ్బుపొడి ఫ్యాక్టరీలో ఏ యంత్రంలో చెయ్యి పెట్టాలన్నా, తల దూర్చాలన్నా, ముందు ఎవరి తాళం వాళ్ళు తీసుకెళ్ళి, ఆ యంత్రం స్విచ్చిని కిందికి దించి, దానికి వేసుకోవాలి. తాళంచెవి వాళ్ళ జేబులోనే ఉంటుంది. పనయ్యాక తాళం తెచ్చి మళ్ళీ మేకుకి చేర్చాలి. తాళాలన్నీ మేకుల మీదుంటే బోర్డు నిండినట్టు. బోర్డు నిండిందంటే యంత్రాల్లో మనుషులు లేరని అర్థం. ఆ మాట విన్నాకే సూపర్‌వైజరు స్విచ్చి ఎక్కిస్తాడు.

"తాళాలూ, నా రెండో పెళ్ళాన్ని ఇలా ఇవ్వు" అన్నాడు పొట్టి ఫిట్టరు.

"మొదటావిడతో చెప్పమంటావా?"

"చెప్పు. ఇది నయమని తనకీ తెలుసు. నొక్కితే నోరు మూసుకుంటుంది."

వెనకాల వరసలో ఉన్నవాళ్ళు నవ్వారు. తాళాలాయన ఎడం చేత్తో తాళం తీసి ఫిట్టరు చేతిలో పడేశాడు. కొత్తలో కొందరు గొణిగేవాళ్ళు, పొద్దున్నే ఎడం చేత్తో ఇస్తాడేమిటి దరిద్రం అని. ఇప్పుడు ఎవరూ ఏమీ అనరు. ఒక్కొక్కరే వచ్చారు, ఎడం చేత్తో ఇచ్చాడు, పోయారు.

అందరి తర్వాత రైలు వచ్చాడు. సన్నటి మనిషి. నడిచినా పరిగెత్తినట్టే ఉంటుందని ఆ పేరు పెట్టారు. బోర్డు దగ్గరకొచ్చేసరికి మాత్రం ఆ కాళ్ళు ఎక్కడ లేని బరువూ మోస్తున్నట్టు కదులుతాయి.

తాళాలాయన మేకు మీంచి రైలు తాళం ఎడం చేత్తోనే తీశాడు. తీసి, కుడి చేతికి మార్చుకున్నాడు. ఆ చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్యలో వేళ్ళుండాల్సిన చోట చర్మం నున్నగా, గులాబిరంగులో, ఇస్త్రీ చేసినట్టు మెరుస్తుంది. తాళాన్ని ఆ రెండు వేళ్ళ మధ్య పటకారులా ఇరికించి ముందుకి చాపాడు.

"ఇంద. నీకు మాత్రం మర్యాదగా, కుడి చేత్తోనే."

రైలు అరచెయ్యి కింద పట్టాడు. తాళం వెంటనే పడదు. చిటికెనవేలు విడవడానికి కాస్త టైము పడుతుంది. ఆ టైమంతా రైలు ఆ చేతినే చూడాలి, ఇంకెక్కడ చూసినా తాళం కిందపడుతుంది. సాయంత్రం తిరిగిచ్చేటప్పుడూ అంతే. తాళాలాయన కుడి చెయ్యే చాపుతాడు.

తాళాలాయన చెయ్యి పోయిన రోజు కూడా మిక్సరు స్విచ్చికి తాళం వేసే ఉంది. రాత్రి షిఫ్టు వాడెవడో మరిచిపోయి ఇంటికి పోయుంటాడనుకున్నాడు రైలు. చెవి కోసం ఎవరు వెతుకుతారని, బిళ్ళ కూడా చూడకుండా, కట్టరు తెచ్చి కోసి, స్విచ్చి ఎక్కించాడు. మరిచిపోయినవాడు ఇంటికి పోలేదు, పొడి కలిపే ఆ మిక్సరు మూత తెరిచి లోపల భుజం దాకా చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. తర్వాత కంపెనీ రైలుని కొన్నాళ్ళు బయట కూర్చోబెట్టి, తాళం దగ్గర ఇంకొక్క తప్పు జరిగితే నేరుగా ఇంటికేనని చెప్పి మళ్ళీ తీసుకుంది. చెయ్యి పోయినవాడికి అందరి చేతులూ కాపాడే పని ఇచ్చింది. కంపెనీలకీ హాస్యం తెలుసు.

కోపం ఎప్పుడో చల్లారింది. చల్లారాక ఏం మిగిలిందో తాళాలాయనకి తెలియదు. పొద్దున లేచి మొహం కడుక్కున్నట్టే, రోజూ ఆ చెయ్యి చాపేవాడు. అందులో సుఖం కూడా ఏమీ లేదు. మానెయ్యాలని మాత్రం ఎప్పుడూ అనిపించలేదు.

ఆదివారం ఆరాధనలో, ప్రభువు బల్ల రొట్టె పంచేముందు, పాస్టరు చేతులు చాచి, "ఒకరికొకరు ప్రభువు సమాధానం తెలుపుకోండి" అన్నాడు. కుర్చీలు కిరకిరలాడాయి. అందరూ లేచి, శాంతి కలగాలని పక్కవాళ్ళ చేతులు పట్టుకున్నారు. తాళాలాయన మొదటి వరసలోంచి లేచి, నడిమి దారి వెంట నడిచి, ఆఖరి వరసకి వెళ్ళాడు. తలుపు పక్కన రైలు, రైలు భార్య నిలబడి ఉన్నారు. ప్రమాదం తర్వాత ఆ దంపతులు ఈ సంఘానికే రావడం మొదలుపెట్టారు. ఒకసారి ఇంటికి కూడా వచ్చి గడప దగ్గరే నిలబడి, "క్షమించన్నా" అన్నాడు రైలు. "ఎప్పుడో క్షమించాను, పో" అన్నాడు తాళాలాయన. అనడానికేం పోయింది, నోటికి వేళ్ళు అక్కర్లేదు.

"సమాధానం తమ్ముడూ" అని కుడి చెయ్యి చాపాడు.

రైలు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. అతని అరచేతులు తడిగా ఉన్నాయి. తాళాలాయన వదల్లేదు. చుట్టుపక్కలవాళ్ళు తమ చేతులు వదిలేసి వీళ్ళనే చూడటం మొదలుపెట్టేదాకా పట్టుకునే ఉన్నాడు.

"చూడండి, చూడండి" అన్నాడు పాస్టరు మైకులో. "మనమేమో మన కుర్చీలో ఇంకొకరు కూర్చున్నారని ఏడాదిపాటు మొహాలు తిప్పుకుంటాం. ఈ సహోదరుణ్ణి చూసి నేర్చుకోండమ్మా. ఏ చెయ్యి పోగొట్టుకున్నాడో ఆ చెయ్యే ఇస్తున్నాడు. క్షమాపణ అంటే ఇదీ!"

ఆమేన్‌లు లేచాయి. తిరిగొస్తుంటే ఒక ముసలమ్మ అతని కుడి చెయ్యి లాక్కుని ముద్దుపెట్టుకుంది. ఆమె పెదాలు తగిలినట్టు కూడా తెలియలేదు, అక్కడ చర్మానికి స్పర్శ సరిగ్గా లేదు.

రొట్టె పళ్ళెం వచ్చింది, మనసులో పగ ఉంటే ముట్టకూడదంటారు. తీసుకున్నాడు. నాలుక మీద అట్టముక్కలా నాని దిగిపోయింది. తల తిప్పి చూస్తే, ఆఖరి వరసలో రైలు పళ్ళేన్ని ముట్టుకోకుండా భార్యకి అందిస్తున్నాడు. ఆమె ఏదో గొణిగింది. అతను తల అడ్డంగా ఊపాడు.

ఇంటికొచ్చాక భార్య అతని చొక్కా గుండీలు విప్పింది. ఎడం చేతి మణికట్టు గుండీ అతను ఒక్కడే విప్పుకోలేడు. రోజూ ఆమే విప్పుతుంది. విప్పుతూ ఊరి సంగతులన్నీ చెబుతుంది. ఇవాళ ఏమీ చెప్పలేదు.

"ఏంటి, నోట్లో నీళ్ళు పోసుకున్నావా?" అన్నాడు.

"రొట్టె ఎలా మింగుడుపడిందయ్యా నీకు?"

"అందరికీ పడ్డట్టే."

"అతనికి పడలేదు. చూశాను."

"అతను చేసిన పనికి పడదు."

ఆమె గుండీ వదిలి అతని మొహంలోకి చూసింది. "పాస్టరుగారు మంచాయన. ఎవరైనా చెయ్యి చాపితే చెయ్యే కనిపిస్తుంది ఆయనకి. నేను అతని మొహం చూశాను. చెంపదెబ్బ కొట్టినా బాగుండేది. ఒక్కసారి చుర్రుమని ఊరుకుంటుంది."

"నేనేం చేశానే? చెయ్యి కలిపాను. అది కూడా తప్పా?"

"కలిపావు. అదే చెబుతున్నా. నాకు ఏడుపొస్తే దేవుడి ముందు కూర్చుని ఏడుస్తాను. నువ్వు దేవుణ్ణే చాటు చేసుకుని కొడుతున్నావు."

రెండో గుండీ విప్పకుండానే లోపలికి పోయింది. అతను ఆ చొక్కాతోనే పడుకున్నాడు.

సోమవారం నీలం పొడి ఆపి తెల్ల పొడి మొదలుపెట్టాలి. రంగు మారినప్పుడల్లా మిక్సరు లోపల అంటుకున్న పాత పొడిని గీకెయ్యాలి, లేకపోతే తెల్ల పొడిలో నీలం చుక్కలు పడతాయి. గొట్టంలాంటి పెద్ద పీపా అది. లోపల పొడుగునా ఇనప పలకలు మెలికలు తిరిగి ఉంటాయి. పై మూత తెరిచి మనిషి దిగి, ఆ పలకల మధ్య ఒదిగి కూర్చుని గీకాలి. ఆ పని రైలుది. అంత సన్నగా ఉన్నవాడు ఇంకొకడు లేడు.

వరస అయిపోయింది. రైలు వచ్చాడు. తాళాలాయన తాళం చేతులు మార్చుకుని చాపాడు.

రైలు ఆగాడు. అతని చెయ్యి సగం దాకా లేచి, మళ్ళీ ప్యాంటు పక్కకి పోయింది.

"తర్వాత తీసుకుంటాలే అన్నా" అన్నాడు నేలవైపు చూస్తూ. వెనక్కి తిరిగాడు.

చాపిన చెయ్యి గాల్లోనే ఉంది. తాళాలాయన దాన్ని కిందికి దించి, తాళాన్ని మేకుకి తగిలించాడు. పిలవలేదు.

స్టూలు మీంచి మిక్సరు బాగా కనిపిస్తుంది. రైలు నిచ్చెన పక్కనున్న పెట్టె దగ్గర స్విచ్చి దించాడు. అటూ ఇటూ చూశాడు. తాళం లేదు. నిచ్చెన ఎక్కాడు, మూత ఎత్తాడు, కాళ్ళు లోపల పెట్టాడు. మొదట నడుము, తర్వాత భుజాలు, ఆఖరికి నెత్తిన కట్టుకున్న గుడ్డ లోపలికి పోయాయి.

ఇన్నాళ్ళూ దేనికోసం ఇక్కడ కూర్చున్నాడో తాళాలాయనకి అప్పుడు తెలిసింది. గోడ మీద ఫోను ఉంది. ఎత్తి ఒక్క మాట చెబితే చాలు, తాళం వెయ్యకుండా దిగాడని. అబద్ధం కూడా కాదు. డ్యూటీ. సాయంత్రానికి రైలు ఇంట్లో ఉంటాడు, మళ్ళీ ఏ ఫ్యాక్టరీ గేటూ తొక్కడు. గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుందేమో అని చూసుకున్నాడు. ఎప్పట్లాగే కొట్టుకుంటోంది. పూర్తిగా పనిలో పడనీ, అప్పుడు ఎత్తుదాం అనుకున్నాడు. పీపాలోంచి గీకుడు చప్పుడు మొదలైంది, దూరంగా ఎవరో పెనం తోముతున్నట్టు.

ఇంతలో ప్యాకింగు వైపు నుంచి సూపర్‌వైజరు గబగబా వచ్చాడు. లారీ గేటు దగ్గర హారను మోగిస్తోంది. ఆ మోతలో, మిక్సరు దాకా వచ్చే సంచుల యంత్రం రొదలో ఆయనకి గీకుడు వినిపించే అవకాశం లేదు. నేరుగా మిక్సరు పెట్టె దగ్గరికి పోయాడు. స్విచ్చి కిందికి ఉంది, తాళం లేదు. అంటే పని అయిపోయిందని. చెయ్యి స్విచ్చి మీద వేసి, అలవాటు ప్రకారం, ఇటు తిరిగి కేకేశాడు.

"తాళాలూ! బోర్డు నిండిందా?"

తాళాలాయన బోర్డువైపు చూశాడు. ప్రతి మేకు మీదా తాళం ఉంది. ఒక్క ఖాళీ లేదు. రోజూ ఆ మాటకి ఒకటే జవాబు, నోరు దానంతటదే చెప్పేస్తుంది. ఇప్పుడూ చెప్పడానికి తెరుచుకుంది. "ని" అన్న అక్షరం పళ్ళ దాకా వచ్చింది కూడా.

అక్కడ ఆగింది. ఎవరు ఆపారో తర్వాత అతను చాలాసార్లు ఆలోచించాడు. దేవుడంటే పాస్టరు సంతోషిస్తాడు. అతనికైతే ఏ స్వరమూ వినబడలేదు, ఏ వెలుగూ కనబడలేదు. నోరు తెరిచి ఉంది, మాట రాలేదు, అంతే.

"నిండిందా లేదా?"

"లేదు!" అన్నాడు. "ఆగండి! చెయ్యి తియ్యండి!"

అందరి తాళాలతోపాటు కోసిన దాని బదులు అతనికిచ్చిన తాళం కూడా ఆ బోర్డు మీదే ఉంది, అడుగు వరసలో. దాన్ని లాక్కుని పరిగెత్తాడు. సూపర్‌వైజరుని పక్కకి నెట్టి, స్విచ్చి కంతలో తాళం దూర్చి నొక్కాడు. తర్వాత పీపా మీద పిడికిలితో బాదాడు.

గీకుడు ఆగింది. మూతలోంచి నీలం తల ఒకటి లేచింది. కనుబొమలు, మీసం, పెదాలు, అంతా నీలం. కళ్ళు మాత్రం మామూలుగా ఉన్నాయి. అవి కింద స్విచ్చిని చూశాయి, తాళాన్ని చూశాయి, దాని బిళ్ళ మీది ఫొటోని చూశాయి.

 సూపర్‌వైజరు తన చేతివైపు చూసుకున్నాడు, అది ఇంకా గాల్లోనే ఉంది.  ఆయన అరుపు ఫ్యాక్టరీ అంతా వినబడింది.

"దిగరా! దిగు! నన్ను హంతకుణ్ణి చేద్దామనుకున్నావా? తాళం ఏది? ఒకడి చెయ్యి తిన్నది చాలలేదా నీకు? బట్టలు మార్చుకుని ఇంటికి పో. మళ్ళీ ఈ గేటు దగ్గర కనబడ్డావో..."

రైలు నిచ్చెన దిగాడు.  మొహం మీద భయం లేదు, మోస్తున్న మూట ఎవరో దించేసినట్టుంది. తాళాలాయన పక్కనుంచి పోతూ, "పోనీలే అన్నా. ఇదే మంచిది" అన్నాడు మెల్లగా.

ఇప్పుడు తాళాలాయన చెయ్యాల్సింది ఏమీ లేదు. ఊరికే నిలబడితే చాలు. ఫోను కూడా ఎత్తక్కర్లేకుండానే జరిగిపోయింది. పైగా ప్రాణం కాపాడినవాడన్న పేరు. రైలు గుడ్డతో మొహం తుడుచుకుంటూ బట్టల గదివైపు పోతున్నాడు. అతని వీపు మీద పొడి, చెమటకి తడిసి ముద్దకట్టింది.

"సార్" అన్నాడు తాళాలాయన. "అతను తాళానికి వచ్చాడు. నేనివ్వలేదు."

"ఏంటీ?"

"నేనివ్వలేదు. తాళం లేకుండా దిగుతుంటే చూశాను. చూసి ఊరుకున్నాను."

సూపర్‌వైజరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నువ్వు గదిలోకి రా" అన్నాడు. రైలుతో, "నువ్వు ఇక్కడే చావు" అన్నాడు.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. సూపర్‌వైజరు కుర్చీలో కూలబడి నీళ్ళు తాగాడు.

"మొదట్నుంచీ చెప్పు. వాడు వస్తే ఎందుకివ్వలేదు?"

"ఇచ్చాను. తీసుకోలేకపోయాడు."

"మాటలు తిప్పకు."

తాళాలాయన చుట్టూ చూశాడు. బల్ల మీద గది తాళం ఉంది. ఎడం చేత్తో తీశాడు. "అందరికీ ఇలా ఇస్తాను" అని సూపర్‌వైజరు ముందు పెట్టాడు. మళ్ళీ తీసుకున్నాడు. కుడి చేతికి మార్చి, రెండు వేళ్ళ మధ్య ఇరికించి, బల్ల మీదుగా ఆయన మొహం ముందుకి చాపాడు.

"అతనికి ఇలా ఇస్తాను. తీసుకోండి."

సూపర్‌వైజరు చెయ్యి లేవలేదు. చూపు కిటికీవైపు పోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

"బోర్డు ఇచ్చిన రోజునుంచి. పొద్దునా, సాయంత్రమూ."

"దించవయ్యా దాన్ని."

దించాడు. 

"నీ పొట్ట కొట్టాలని నాకు లేదు" అన్నాడు సూపర్‌వైజరు చివరికి. "కానీ నిన్ను మళ్ళీ బోర్డు దగ్గర కూర్చోబెడితే నా బుద్ధి గడ్డి తిన్నట్టే. సంచుల దగ్గరికి పో. కుట్టు మిషను దగ్గర మూతులు మడిచేవాళ్ళు లేరు. ఆ చేత్తో చెయ్యగలవో లేదో నాకు తెలీదు."

"నాకూ తెలీదు."

"వాణ్ణి ఉంచుతాను. తాళానికి వచ్చాడన్నావు కాబట్టి ఉంచుతాను. మరి నువ్వు దేవుడి మనిషివంటారే? గుళ్ళో వాణ్ణి కౌగిలించుకున్నావని మా ఆవిడ కూడా చెప్పింది."

"చేతులు కలిపాను, అంతే" అన్నాడు తాళాలాయన.

మర్నాడు సాయంత్రం పాస్టరు ఇంటికొచ్చాడు. ఫ్యాక్టరీ సంగతి ఆయన చెవిన పడింది. చెవిన పడ్డది సగమే.

"స్తోత్రం! నీ శత్రువు ప్రాణాన్ని ప్రభువు నీ చేత కాపాడించాడయ్యా. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలి నువ్వు. పది నిమిషాలు ఇస్తాను."

"సాక్ష్యమంటే నిజం చెప్పాలి కదా అయ్యగారూ?"

"నిజమే చెప్పు!"

"అయితే మొన్న మీరు నన్ను చూసి నేర్చుకోమన్నారు కదా, అక్కణ్ణుంచి మొదలుపెడతాను. ఆ రోజు అతని చెయ్యి పట్టుకున్నది క్షమించి కాదు, అందరి ముందూ నలిపెయ్యడానికని. తర్వాత రొట్టె కూడా తిన్నాను. అది పది నిమిషాల్లో అవుతుందా?"

పాస్టరు చేతిలోని గ్లాసు కింద పెట్టాడు. గోడవైపు చూశాడు, ఇంటావిడవైపు చూశాడు. ఆమె తల వంచుకుని గ్లాసులు సర్దుతోంది. కాసేపటికి ఆయన లేచి, తాళాలాయన భుజం మీద చెయ్యి వేశాడు. ప్రసంగం గొంతుతో కాక మామూలు గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు క్షమించావా మరి?"

"క్షమించినట్టేమీ అనిపించట్లేదండీ. ఏమీ అనిపించట్లేదు. ఇక చెయ్యి చాపను. అంతవరకే తెలుసు."

"అంతవరకే చాలేమో" అన్నాడు పాస్టరు, తనకీ ఖాయంగా తెలియనట్టు. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకున్నాడు కానీ మాటలు వెతుక్కున్నాడు. చాలా చిన్న ప్రార్థన అయింది. ఆయన వెళ్ళాక భార్య వచ్చి గుండీలు విప్పింది, రెండు చేతులవీ.

సంచుల దగ్గర పని తేలికే, పది వేళ్ళుంటే. పొడి నిండిన సంచీ రబ్బరు పట్టా మీద కదులుతూ వస్తుంది. దాని మూతి రెండు కొసలూ పట్టి లాగి, బిగించి, ఒక మడత వేసి, కుట్టు మిషను నోటికి అందించాలి. ఎడమ కొస బాగానే వస్తోంది. కుడి కొస బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య నిలవదు, జారిపోతుంది. మడత వంకర, కుట్టు వంకర. పొడి చిమ్మి కళ్ళల్లో పడుతోంది.

"ఏం తమ్ముడూ, మూతి మడవమంటే ముగ్గుబుట్ట తిరగేస్తున్నావు?" అంది కుట్టు మిషను అక్క. "అరిచానని అనుకోకు. నీ వంకర సంచులన్నీ విప్పి కుట్టేసరికి నా నడుం రెండుగా విరుగుతోంది."

"నేర్చుకుంటాలే అక్కా."

"ఈ జన్మలోనేనా?"

మిక్సరు ఆగింది. మళ్ళీ రంగు మార్చే వేళ. బోర్డు ఈ మూలనుంచి కూడా కనిపిస్తుంది, మెడ తిప్పితే చాలు. ఇప్పుడక్కడ స్టూలు లేదు. ఎవరి తాళం వాళ్ళే తీసుకుంటున్నారు, పొట్టి ఫిట్టరు పక్కన నిలబడి చూసుకుంటున్నాడు. తాళాలాయన మెడ తిప్పలేదు. సంచీ మూతి పట్టుకుని లాగాడు. కుడి కొస జారిపోయింది. మళ్ళీ పట్టుకున్నాడు.

మధ్యాహ్నం కుట్టిన సంచుల్ని తీసుకెళ్ళడానికి తోపుడుబండి వచ్చింది. నెట్టుకొచ్చినవాడు సంచులు ఎత్తకుండా అక్కడే నిలబడిపోయాడు. నీలం ఇంకా పూర్తిగా వదలని చెవులు. తాళాలాయన చూశాడు, చూసి మళ్ళీ పట్టావైపు తిరిగాడు. సంచీ వచ్చింది. ఎడమ కొస పట్టుకున్నాడు.

రైలు ముందుకొచ్చి, ఏమీ అడక్కుండా, కుడి కొస పట్టుకున్నాడు.

కుట్టు మిషను అక్క పెడలు మీంచి కాలు పైకెత్తి ఆగింది. తాళాలాయన కుడి చెయ్యి ఇద్దరి మధ్యా ఖాళీగా ఉంది. నాకేం అక్కర్లేదు అనొచ్చు. ఆ మాట కూడా నోటి దాకా వచ్చింది. ఇన్నాళ్ళూ ఆ చేత్తో ఇవ్వడమే తెలుసు, ఇలా ఊరికే పక్కన వేలాడెయ్యడం తెలియదు. కాసేపు దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. ఆఖరికి ప్యాంటుకి ఆనించి ఉంచాడు.

"ఇంకాస్త లాగు" అన్నాడు. "ఆ. ఇప్పుడు మడువు."

మడత తిన్నగా వచ్చింది. అక్క కాలు నొక్కింది, మిషను టకటకలాడుతూ మూతి మీదుగా పోయింది. రైలు చేతులు తీసెయ్యబోయాడు.

"అప్పుడే వదలకు" అన్నాడు తాళాలాయన. "దారం పూర్తిగా పడనీ."

పట్టా మీద ఇంకో సంచీ వస్తోంది.